నీళ్లు ముందే పడిన నాటకం

మా ఊరికి కరెంటు కంటే ముందు రేడియో వచ్చింది. సోమందేపల్లె నుంచి ఎద్దులబండిలో తెచ్చి పంచాయతీ ఆఫీసులో పెట్టారు. ఒక పెట్టె, దానికో పెద్ద బ్యాటరీ, గోడకు బిగించిన బాకా. సాయంత్రం కాగానే తలారి తాళం తీసి దాన్ని పలికించేవాడు. అరుగు మీద మగవాళ్లు, ఎదురుగా బండల మీద ఆడవాళ్లు, సందు దొరికిన చోట పిల్లలం. ముందు ధరలు, తర్వాత వాతావరణం, ఆ తర్వాత సేద్యం ముచ్చట్లు. వాతావరణం చెప్పేటప్పుడు మాత్రం దగ్గు వచ్చినా ఆపుకునేవాళ్లు. కోస్తాలో అక్కడక్కడా జల్లులు, రాయలసీమలో పొడిగా ఉంటుంది అనేది రేడియో. "ఈ మాట చెప్పేదానికి బ్యాటరీ ఎందుకప్పా, మా అవ్వనడిగినా చెప్తాది" అని లేచి పోయేవాళ్లు. మర్నాడు మళ్లీ వచ్చి అక్కడే కూర్చునేవాళ్లు.

అరవైల్లో వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లవి. నేను అప్పుడే పావడా మీద ఓణీ వేయడం మొదలుపెట్టాను. ఆ ఏడు రేడియోలో శుక్రవారం శుక్రవారం ఒక నాటకం వేయడం మొదలుపెట్టారు, వారానికో భాగం. ఒక రైతు, భార్య, పిల్లలు, ఒక జత ఎద్దులు, ఒక ఎండిన బావి. మొదటి వారం వానలు పోయాయి. రెండో వారం ఊరు వదిలి పోదామని భార్య, పోనని భర్త పోట్లాడుకున్నారు. అది వింటుంటే మా ఇంటి గోడకే బాకా కట్టినట్టుంది. ఆడవాళ్లందరూ మా అమ్మ వైపు చూసి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం, "ఆయమ్మ మాట్లాడేది సరింగానే ఉండాది" అంది.

మా ఇంట్లోనూ నెలల తరబడి అదే గొడవ. బెంగుళూరు దగ్గర ఇటుకల బట్టీలో మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, పనిచేసేవాడు. ఒక సంసారానికి పని, గుడిసె మాట్లాడి పెట్టానని కబురు చేశాడు. ఎద్దుల ఒంట్లో కాస్త కండ ఉండగానే గోరంట్ల సంతలో అమ్మేసి పోదామంటుంది అమ్మ. బావిని వదిలి ఎట్లా పోతానంటాడు నాయన. ఆ బావి మా తాత తవ్వించింది. నాయన చిన్నప్పుడు అందులో ఈత నేర్చుకున్నాడట. నాకు తెలిసినప్పటి నుంచి అందులో పావురాలే ఉండేవి. చివరికి నాయన మెత్తబడ్డాడు. వచ్చే సంతకు ఎద్దులను తోలుకుపోతానన్నాడు. అమ్మ ఆ రోజే రాగులు విసిరి దారికి పిండి మూట కట్టింది.

ఆ సంత ఇంకా రాకముందే మూడో శుక్రవారం వచ్చింది. గడ్డపార దెబ్బలు వినిపించాయి, ఆయాసం వినిపించింది, "మా ఎద్దు కూడా చచ్చిపాయెనే" అని ఆ రైతు ఏడవడం వినిపించింది. అంతలో ఒక్క కేక, "గంగమ్మ వచ్చె!" అని. వెంటనే గలగలమని నీళ్ల చప్పుడు. రేడియో స్టేషన్లో ఎవరో చెంబుతో బేసిన్లోకి పోసి ఉంటారని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఊరు ఊరంతా లేచి నిలబడింది. ఎవరో పరిగెత్తి టెంకాయ తెచ్చి రేడియో ముందు కొట్టారు. తలారి ఆ పెట్టెకు కుంకుమ పెట్టాడు. నాయన ఒక్కడే లేవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని బాకా వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి సంకటి ముందు కూర్చుని, "సంతకు పోయేది ల్యాదు" అన్నాడు.

"ఏమొచ్చెనయ్యా?" అంది అమ్మ.

"బావి ఇంగా రెండు మట్లు దించుతా. వాడు ఇడిసిపెట్టకుండా తవ్వినాడు, నీళ్లు పడినాయి."

"వాడెవుడు?"

"రేడియోలో వాడు."

"అది నాటకమయ్యా!"

"నాటకమైతే ఏమి? యాడో జరిగింటేనే గదా చెప్తారు. ఆ నోరు ఎప్పుడన్నా అబద్ధం చెప్పిందా? సీమలో వాన ల్యాదని రోజూ చెప్తాండాది. ఒక్కరోజన్నా తప్పిందా?"

అమ్మ దారికి కట్టిన మూట విప్పి పిండిని మళ్లీ కుండలో పోసింది.

మట్టు అంటే మనిషి నిలువెత్తు. రాతినేలలో ఒక మట్టు దించడమంటే తమాషా కాదు. మందు పెట్టి రాయి పేల్చే మేస్త్రి రెండుసార్లు వచ్చి, "కింద అంతా ఒకే బండ, మందు పెట్టినా దండగే" అని చెప్పి మళ్లీ రాలేదు. నాయన సమ్మెట పట్టుకుని తనే దిగాడు. నేనూ అమ్మా అడుగున రాళ్లు గంపలకెత్తితే, పైన మా చిన్న తమ్ముడు తోలుతుంటే ఎద్దులు మోకు లాగి పైకి తెచ్చేవి. నీళ్లు తోడడానికి కట్టిన మోకుతో రాళ్లు తోడాం.

నాలుగో శుక్రవారం రేడియోలో బావి మళ్లీ ఎండిపోయి ఉంది! ఆ రైతు తవ్వుతున్నాడు, నీళ్లు లేవు. పోయిన వారం చచ్చిందన్న ఎద్దు ఈ వారం మోకు లాగుతోంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన అయ్యవారు ఒకాయన మా బడిలో ఉండేవాడు. ఆయన లేచి, "ఇది వరుస తప్పిందండీ. పోయిన వారం వేసింది ఆఖరి భాగం అయి ఉంటుంది. చచ్చిన ఎద్దు మళ్లీ ఎలా వస్తుంది?" అన్నాడు.

"ఇంగొగ ఎద్దును తెచ్చింటాడు, అయివారూ" అన్నాడు తలారి.

"మరి పడిన నీళ్లు ఏమయ్యాయి?"

అరుగు మీద ఒక్కసారిగా నవ్వు లేచింది. ఒక పెద్దాయన తీరిగ్గా చెప్పాడు. "ఏమయితాయి సామీ, ఎండిపోయినాయి. మీ పక్క కాలవలు. నీళ్లు వస్తే ఉండిపోతాయి. ఈడ వస్తాయి, పోతాయి. దీంట్లో ఇచిత్రమేముండాది?"

అయ్యవారు కూడా నవ్వి కూర్చున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది మా నాయన.

ఈ పొరపాటు మేము తప్ప ఇంకెవరూ చేయరు. కాలువ గట్టున పుట్టినవాడెవడైనా ఆ శుక్రవారమే పసిగట్టి ఉండేవాడు. ముందు నీళ్లు రావడం, తర్వాత ఎండడం, తర్వాత ఎద్దు పోవడం, తర్వాత సంసారం చెదరడం అనేది మాకు తలకిందులుగా అనిపించలేదు. మా బతుకులన్నీ ఆ వరసలోనే నడిచాయి. అందుకే నాటకం మరింత నిజంగా తోచింది. నాయనైతే దానికి అర్థం కూడా చెప్పాడు. నీళ్లు పడగానే వాడు తవ్వడం ఆపాడట, అందుకే ఎండిందట, అందుకని మనం ఇంకా లోతుకు పోవాలట. ఏది విన్నా ఆ మనిషికి ఒకటే అర్థమయ్యేది, తవ్వమని.

మేత అయిపోయింది. ఇంటి మీద కప్పిన బోదగడ్డి పీకి ఎద్దులకు వేశాం. ఏళ్ల నాటి పొగ పట్టిన ఆ గడ్డిని అవి నమిలి కొంత మింగి, కొంత కక్కేవి. కప్పు ఉండాల్సిన చోట వాసాల మధ్య నుంచి ఎండ సంకటి గిన్నెలో పడేది. మామ స్వయంగా వచ్చాడు. "అక్కా, ఆ జాగా ఇంగొకరికి ఇచ్చేసినారు. ఇప్పుడొస్తే పనుంటాది గానీ గుడిసె ల్యాదు, నా దాంట్లోనే సర్దుకోవాల" అన్నాడు. బావి గట్టు మీద నుంచి లోపలికి వంగి నాయనతో, "బావా, రాయిలో ఏముంటాదని?" అన్నాడు. నాయన బావిలోంచి పైకి రాకుండానే, "నువ్వు రేడియో ఇంటాండావా ల్యాదా?" అని అడిగాడు. మామ అన్నం తినకుండా వెళ్లిపోయాడు.

తర్వాతి శుక్రవారం నాటకంలో ఎద్దు చచ్చింది. ఆ పై వారం ఆ రైతు భార్య పిల్లలను తీసుకుని పుట్టింటికి పోయింది. బండల మీద ఆడవాళ్లు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు. అమ్మ తిట్టలేదు. ఆ వారంలోనే మా ఎడమ ఎద్దు మోకు లాగుతూ లాగుతూ ముందుకాళ్ల మీద కూలింది. గంపెడు రాళ్లు తిరిగి బావిలో పడ్డాయి. ఆ పూట అడుగున ఉన్నది నాయన ఒక్కడే, పక్కకు దూకబట్టి బతికాడు. ఎద్దు లేవలేదు. దాని మెడ కింద చెయ్యి పెట్టి నేను ఎంత ఏడ్చానో చెప్పలేను. నాయన మీద నాకు అసహ్యం పుట్టింది ఆ రోజే. రెండోదాన్ని అమ్మ ఎవరికో తోలిచ్చేసింది. ఎందుకు తీసుకుపోతున్నారో మాకందరికీ తెలుసు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. నాటకానికి ముందు రేడియోలో ఒక తియ్యటి ఆడగొంతు వినిపించింది. పొరపాటున భాగాల వరుస తారుమారైందని, శ్రోతలు మన్నించాలని, ఇదివరకు మూడోదిగా వేసింది నిజానికి ఆఖరి భాగమని, దాన్నే ఇప్పుడు మళ్లీ వినిపిస్తామని చెప్పింది. "అయివారు అప్పుడే చెప్పె గదప్పా" అని ఎవరో అన్నారు. అయ్యవారు తల వంచుకున్నాడు. మళ్లీ గడ్డపార, మళ్లీ కేక, మళ్లీ చెంబునీళ్లు. ఈసారి ఎవరూ లేవలేదు, టెంకాయ కొట్టలేదు. కొందరు సగంలోనే ఇంటికి పోయారు. నాయన చివరిదాకా ఉన్నాడు.

మేము ఇంటికొచ్చిన చాలాసేపటికి వచ్చి, పొయ్యి దగ్గర అమ్మకెదురుగా కూర్చున్నాడు.

"తప్పు వాళ్లదంట, ఏమ్మే."

"ఇన్నాలే. ఎద్దును తెచ్చిస్తారంటనా?"

"అది గాదు. ఇప్పుడు వరస తెలిసె గదా. ముందు ఎద్దు పోతాది. యెనక ఆయమ్మ పిల్లోల్లను పిల్చుకోని పోతాది. ఆ యెనకనే నీళ్లు పడేది."

"అయితే?"

"ఎద్దు పోయె గదా. ఇంగ నువ్వు పిల్లోల్లను పిల్చుకోని మీ తమ్ముని దగ్గరికి పో."

కోపంతో అన్న మాట కాదు. ఎన్నో నెలల తర్వాత ఆయన మొహంలో ఒక కళ కనిపించింది. అది చూసి నాకు భయమేసింది. అమ్మ అరుస్తుందని, తిడుతుందని, చేతిలో తెడ్డు విసిరికొడుతుందని ఎదురుచూశాను. అమ్మ లేచి సామాన్లు సర్దడం మొదలుపెట్టింది.

సోమందేపల్లె రోడ్డు దాకా నాయన వచ్చాడు. మూటను బస్సు మీదికి ఎత్తిచ్చాడు. నా తమ్ముడి తల నిమిరాడు, నన్ను ముట్టుకోబోయి నా మొహం చూసి ఆగాడు. "నీళ్లు పడినంక వచ్చి పిల్చుకోని పోతా" అన్నాడు అమ్మతో. బస్సు ఇంకా కదలకముందే వెనక్కి తిరిగి వడివడిగా ఊరివైపు నడిచాడు, అక్కడ పని ఆగిపోయిందన్నట్టు.

ఆ తర్వాత ఆయన ఎన్నేళ్లో బతికాడు. నీళ్లు పడలేదు కాబట్టి మమ్మల్ని పిలుచుకుపోవడానికి రాలేదు.