చేటల జగన్నాధం

సాయంత్రం కాళ్ళకు నీళ్ళిస్తే, చెంబు అందుకుంటూనే మా ఆయన మొదలుపెట్టేవారు. ఇవాళ గెడ్డ వాగు దగ్గర లకుముకి పిట్ట కనిపించింది, మద్దిచెట్టు తొర్రలో చిలకలు పిల్లల్ని చేశాయి, అని. అన్నం మాట ఆ తర్వాతే. పదకొండేళ్ళు అలా జరిగింది. పోయిన కార్తీకంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయారు. ఇప్పుడు శృంగవరపుకోటలో మా తమ్ముడింట ఉంటున్నాను. ఇక్కడ దీపాలు పెట్టకముందే అన్నాలు అయిపోతాయి.

మా ఆయన జగన్నాధం ఫారెస్టు గార్డు. కొండ దిగువన, రిజర్వు ఫారెస్టు అంచున మాకో పెంకుటి క్వార్టరు ఇచ్చారు. ఆయన చదువు ఐదో తరగతి. నన్ను మూడుతోనే మానిపించారు. కానీ అడవిలో ఏ పిట్ట కూసినా ఆయన ఆగి, దాని పేరు చెప్పి, అప్పుడు నడిచేవారు. పేరు తెలియకపోతే తనే పెట్టేవారు. ఒక పిట్టకు మా అత్తగారి పేరు పెట్టారు, పొద్దున్నే సణుగుతుందని.

అబద్ధం ఆడడం ఆయనకు చేతకాదు. అందుకే ఒక ఎగతాళి మాట ఆయనకు అంత తగిలింది. రెండు అరచేతులు పరిచినంత రెక్కల పురుగు ఎగురుతుంటే చూశానని ఒకసారి రేంజి ఆఫీసులో చెప్పారు.

"అరసేతులేటి, సేటంత అను! జీలుగు కల్లు బాగా దిగినట్టున్నాది" అని నవ్వారట. అప్పటినుంచి ఆయన చేటల జగన్నాధం అయిపోయారు. సంతలో కూడా అదే పిలుపు. పైకి తనూ నవ్వేవారు. ఇంటికొచ్చి మాత్రం, "నాను సూసాను గదే దేముడూ. నువ్వైనా నమ్ముతావా?" అని నన్ను అడిగేవారు. నా పేరు దేముడమ్మ.

"నమ్ముతాను మావా" అనేదాన్ని. నిజం చెప్పాలంటే నాకూ అనుమానమే ఉండేది.

అరవై ఏడు వేసవిలో విజయనగరం నుంచి జానకిరామయ్య మాస్టారు వచ్చారు. కాలేజీలో జంతువుల పాఠం చెబుతారు. ఒక్క రోజులో ఆ అడవిలో కనిపించిన పిట్టలూ, సీతాకోకచిలుకలూ, దీపానికి వచ్చే రెక్కల పురుగులూ అన్నీ పుస్తకంలో ఎక్కించాలని వచ్చారు. చేట కథ ఆయన చెవినీ పడింది. నవ్వలేదు. "నా లెక్కలో రాశానంటే ఇక నిన్నెవరూ ఎగతాళి చెయ్యరు, జగన్నాధం. కానీ చూడకుండా రాయను" అన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన, రాత్రి పురుగులు వచ్చి వాలేలా తెల్లటి పంచె ఇంటి ముందు తాడుకు పరిచికట్టి, పక్కన పెట్రోమాక్సు లైటు పెట్టారు. "తెల్లారి మాస్టారు సూసినవరకూ పంచె ముట్టుకోకు" అని నాకు గట్టిగా చెప్పారు.

ముట్టుకోలేదు. కానీ ఇంట్లో పెద్దమనిషి ఉండగా వాకిలి ఊడవకుండా, కల్లాపి చల్లకుండా ఎలా? వాళ్ళు లేవకముందే చీపురు పట్టాను. గోడ వారన ఎండుటాకు లాంటిది కనిపిస్తే ఒక్క విసురు విసిరాను. ఆకు రెక్కలు విప్పింది. గోడకు తగులుకుని అలాగే ఉంది, నా రెండు అరచేతులంత. దగ్గరకు వంగి చూశాను. మా ఆయన్ని పిలుద్దామని గుమ్మం వైపు తిరిగానో లేదో, కాకి వచ్చి దాన్ని కరుచుకుని మోదుగ చెట్ల మీదుగా పోయింది.

వాళ్ళు లేచి చూశారు. పంచె నిండా చిన్నవే. మా ఆయన మడతమడతా వెతికి, "రాలేదు బాబూ" అన్నారు. నేను తల వంచుకుని కల్లాపి చల్లుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం మజ్జిగన్నం, మామిడికాయ ముక్కలు పట్టుకుని గెడ్డకు వెళ్ళాను. తడి ఇసుక మీద సీతాకోకచిలుకలు ఎవరో పసుపూ అటుకులూ చల్లినట్టు వాలి ఉన్నాయి. మాస్టారు లెక్కపెడుతున్నారు. ఎగువన ఏదో కూసింది. "అదేమిటి జగన్నాధం?" అని అడిగారు.

"ఏదో పిట్ట బాబూ" అన్నారు మా ఆయన.

ఆ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఇక ఆగలేకపోయాను.

"అది వొచ్చినాది మావా. నానే ఊడ్సీసాను. కాకి ఎత్తుకుపోనాది."

ఆయన చేతిలో ముద్ద ఆకులో పెట్టేశారు. "ఒసే! ముట్టుకోవద్దని సెప్పానా లేదా?"

"పంచె ముట్టుకోవద్దన్నావు. వాకిలి సంగతి సెప్పలేదు గదా!"

మాస్టారు నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత నెమ్మదిగా, "ఎలా ఉందమ్మా?" అని అడిగారు. పరాయి మగవాళ్ళతో నాలుగు మాటలాడి ఎరగను.

"సెప్పలేను బాబూ. ముగ్గేసి సూపిస్తాను" అన్నాను.

ఇంటికి రాగానే మాస్టారు మా ఆయన్ని నూతి దగ్గరే నిలబెట్టారు, ఒక్క మాట అందించకూడదని. నేను ముగ్గు తీసుకుని వాకిట్లో కూర్చున్నాను. చుక్కలు పెట్టలేదు. నాలుగు రెక్కలు వేశాను. పై రెక్కల కొసలు పాముతలల్లా వంచాను. ఒక్కో రెక్క మధ్యలో మూడు మూలల చోటు ముగ్గు పడకుండా వదిలాను.

"ఇదేమిటమ్మా, ఖాళీ?"

"అక్కడ అద్దం ముక్క లాగున్నాది బాబూ. ఎనకాల గోడ కనిపించినాది."

మాస్టారు సంచిలోంచి లావుపాటి పుస్తకం తీసి, ఒక బొమ్మ దగ్గర ఆగి, ముగ్గు పక్కన గొంతుక్కూర్చున్నారు. అటూ ఇటూ చాలాసేపు చూశారు. "అద్దాల సంగతి నువ్వు చెప్పావా జగన్నాధం?"

"లేదు బాబూ! నాను ఎగురుతుంటే సూసాను. అద్దాలున్నాయని నాకే తెల్దు."

మాస్టారు రాసుకుని, పైకి చదివారు. ఏదో పెద్ద ఇంగ్లీషు పేరు. దాని కింద: చూసినవారు దేముడమ్మ. ఇదివరకు చూసినవారు ఆమె భర్త, గార్డు జగన్నాధం.

"మళ్ళీ ఒకపాలి సదవండి బాబూ" అన్నారు మా ఆయన. మాస్టారు మూడుసార్లు చదివారు.

మర్నాడు శుక్రవారం. మాస్టారు తొలి బస్సుకు వెళ్ళిపోయారు. రేంజి ఆఫీసు వాళ్ళను పిలుచుకొస్తానని మా ఆయన సైకిలు తీశారు. ఎండెక్కాక పక్క క్వార్టరు లక్ష్మణమ్మ నిప్పుకోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటే దేముడూ, సుక్కురారం పూటా వాకిలి ఊడవలేదు? ఒంట్లో బాగోలేదేటి?"

"బాగానే ఉన్నాను పిన్నీ. ఇయ్యాల ఊడవను. ముగ్గు తొక్కకుండా అటేపు నుంచి రా" అన్నాను.