చప్పుడు కాని డబ్బా

ఆయన పోయింది వేడి చేసి కాదు. షెడ్డు ముందు కట్టిన ఫ్లెక్సీ కింద నిలబడి మెదడువాపు జ్వరమని చెప్పుకుంటున్నారు, అదీ కాదు. నన్నెవరూ అడగలేదు. అడగరు కూడా. ఎదురుగా నిలబడి చెప్పమంటే నాకు నోరు పెగలదు, అందుకే ఫోన్లో రాస్తున్నాను.

మా మేస్త్రీ గారు పోయి ఇరవై రోజులైంది. ఒక మంగళవారం పొద్దున పెద్దాసుపత్రిలో పోయారు. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో మూడేళ్ళు ఆయన చేతికింద పని చేశాను. పేరు రాయను. ఆ వీధుల్లో మేస్త్రీ అని కేకేస్తే ప్రతి షెడ్డు నుంచీ ఒకరు పలుకుతారు, కాబట్టి ఆయనెవరో మీకు తెలియదు. ఆయనకున్నది హెచ్.ఐ.వి. నాకున్నదీ అదే. నాకు పుట్టుకతో అమ్మ నుంచి వచ్చింది. ఆయనకు ఎలా వచ్చిందో నేనడగలేదు. లోకం మొదట అడిగేది అదే కదా, ఒక్కడైనా అడగకుండా ఉండాలనిపించింది.

తొమ్మిది రోజులు ఆయన మంచం పక్కన ఈ సంగతి తెలిసీ నోరు మూసుకుని నిలబడ్డాను. ఇది రాస్తున్నది అందుకు.

షెడ్డులో చేరిన రెండో నెలలో అనుకుంటా, మందులు తెచ్చుకునే రోజు వచ్చింది. గుణదలలో ఉండే మా అమ్మమ్మకి జ్వరమని చెప్పి సెలవు పెట్టాను. పెద్దాసుపత్రిలో ఆ మందులిచ్చే గది ముందు బల్లల మీద ఎవరూ ఎవరి మొహమూ చూడరు. నేనూ నా చెప్పుల్నే చూసుకుంటున్నాను. తువ్వాలు తలకు చుట్టుకున్న మనిషొకడు వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతి మీద వెల్డింగ్ మచ్చలు చూసి తలెత్తాను. ఆయనే. ఆయన గోడ వైపు తిరిగారు. నేను మళ్ళీ చెప్పుల వైపు.

మర్నాడు షెడ్డులో టీ తాగుతుంటే నా పక్కకొచ్చి నిలబడ్డారు.

"ఏరా, మీ అమ్మమ్మకి జ్వరం తగ్గిందా?"

"తగ్గిందండీ. మీరు నిన్న బోల్టులకి పటమట వెళ్ళారంట గదా, దొరికినాయా?"

నేనంత మాట ఎలా అన్నానో నాకే తెలియదు. ఆయన టీ గ్లాసు కిందపెట్టారు.

"దొరికినయ్ రా. నెలకి సరిపడా దొరికినయ్."

ఆ సాయంత్రం నన్ను పనిముట్ల పెట్టె దగ్గరికి పిలిచారు. "నీ సంచీ నడుస్తుంటే గిలక్కాయలా మోగతందిరా. ఎవడన్నా ఏంటా అని తీసి చూస్తే ఏం చెప్తావ్?" అన్నారు. పక్క షెడ్డులో సీట్లు కుట్టేవాళ్ళ దగ్గర దూది తెచ్చి నా మాత్రల డబ్బాలో పైన పెట్టి మూత బిగించారు. చీటీ గీకేశారు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు. "ఇప్పుడు సరే. మరీ కుక్కొద్దు, మాత్ర నలుగుద్ది." ఆయన డబ్బా కూడా అలాగే ఉండేది. చప్పుడు కాకుండా బతకడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బాగా నేర్చుకున్నాను.

రోజూ పొద్దున తొమ్మిదింటికి, ఎంతమందిలో ఉన్నా, షెడ్డు ఆ చివర నుంచి ఒక కేక వేసేవారు.

"గ్రీజు పెట్టావా?"

"పెట్టానండీ."

మాత్ర వేసుకున్నావా అని దానర్థం. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. "మేస్త్రీకి మనకంటే ఈడి గ్రీజు మీదే ధ్యాస" అని వెల్డర్ అనేవాడు. ఆదివారం మిస్డ్ కాల్ ఇచ్చేవారు. నేను "పెట్టా" అని మెసేజ్ పెట్టేవాణ్ణి. ఆయనకు చదవడం సరిగ్గా రాదు, ఆ ఒక్క మాట మాత్రం గుర్తుపట్టేవారు.

మా అమ్మమ్మకి నేనంటే ప్రాణం. అయినా నా కంచం, నా గ్లాసు గూట్లో వేరుగా పెడుతుంది. ఎంత చెప్పినా ఆవిడ భయం ఆవిడది. మేస్త్రీ గారు నా డబ్బాలో దూది పెట్టిన మర్నాడే తన క్యారేజీలో చేపల పులుసు కలిపిన ముద్ద తీసి నా గిన్నెలో పెట్టారు. నేను వెనక్కి జరిగితే, "మనిద్దరికీ ఉన్నదేగా, ఇంకేం అంటుద్దిరా. అసలు తింటే అంటేదే కాదిది" అన్నారు. ఊహ తెలిశాక నా గిన్నెలో వేరొకరి చెయ్యి పడటం అదే మొదలు.

మందులిచ్చేచోట కౌన్సెలింగ్ మేడమ్ బొమ్మలు గీసి ఓపిగ్గా చెప్పేవారు. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నాకు సగమే ఎక్కేది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని మేస్త్రీ గారు దాన్ని షెడ్డు భాషలోకి మార్చి చెప్పేవారు.

"మనకి ముందు డ్రాయింగు వస్తది. దాన్ని చూసి ముక్క కోస్తాం. ఎక్కడైనా అంతే గదా? ఈ వైరస్‌గాడు తిరగేసి చేస్తాడు. చేతిలో ముక్క పట్టుకుని లోపలికొస్తాడు. ఆ ముక్కని చూసి డ్రాయింగు గీస్తాడు. గీసి మన ఆఫీసు ఫైల్లో, మన డ్రాయింగుల మధ్యలో పెట్టేస్తాడు. ఇంక వాడు పని చెయ్యక్కర్లా. మన పనోళ్ళే అది మనదే అనుకుని వాడి ముక్కలు కోసి కోసి బయటికి పంపుతారు."

"ఆఫీసంటే ఏదండీ?"

"రక్తంలో కాపలా కాసే కణాలుంటాయన్నారు గదా. వాటికొక సూపర్‌వైజరుంటాడు. వీడు సరిగ్గా ఆడి గదిలోకే దూరతాడు. ఆడు పోయాక కాపలావాళ్ళు ఎంతమందున్నా ఎవడేం చెయ్యాలో తెలీదు. అప్పుడు ఊళ్ళో దొంగలంతా వస్తారు, టీబీ అనీ ఇంకోటనీ. మనిషిని చంపేది ఆ దొంగలేరా. వీడు తలుపు తీసిపెడతాడు, అంతే."

మేం వేసుకునే ఒక్క మాత్రలో మూడు మందులున్నాయని మేడమ్ చెప్పారు. రెండు వాడి పెన్సిలు విరగ్గొడతాయని, మూడోది గీసింది ఫైల్లో పెట్టకుండా చెయ్యి పట్టుకుంటుందని మేస్త్రీ గారి లెక్క.

"మరి ముందే పెట్టేసిన డ్రాయింగో?" అని అడిగాను.

"దాన్ని తీసే మందు ఇంకా రాలా. ఆ ఫైలు పడుకునుంటది. మాత్ర మానేస్తే ఎవడో ఒకడు తెరుస్తాడు. పైగా వాడికి గీయడం సరిగ్గా రాదు, అన్నీ తప్పులే. ఒకరోజు వేసి ఒకరోజు మానావనుకో, ఆ తప్పుల్లోంచే మందుకి లొంగనోడు పుడతాడు. అందుకే గ్రీజు మానకూడదు."

ఇంత తెలిసిన మనిషే మానేశారు. నా కడుపుమంట ఇదే. తెలియక పోయినవాళ్ళని చూసి జాలిపడొచ్చు. ఈయన్ని చూసి ఏం చెయ్యాలో తెలియడం లేదు.

పోయిన ఏడాది దసరా అయ్యాక రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష కాగితం వచ్చింది. "మీ రక్తంలో కనపడటం లేదు. మందు బాగా పనిచేస్తోంది, ఇలాగే వాడండి" అన్నారు మేడమ్. ఆయన ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. వారం రోజులు తీసి చూస్తూనే ఉన్నారు. లేదు అని రాసింది ఎక్కడో వేలు పెట్టి చూపించమని నన్ను అడిగేవారు. చూపించేవాణ్ణి.

ఆ కార్తీకంలో భవానీ మాల వేసుకున్నారు. రోగాన్ని అమ్మవారే తీసేసిందన్నారు. దీక్షలో మందులు వాడకూడదని ఎక్కడా లేదు. షుగరు మాత్రలు వేసుకునే భవానీలు మా పక్క షెడ్డులోనే ఉన్నారు. కానీ దీక్షలో అందరూ ఒకచోట వండుకుని, ఒకచోట పడుకుంటారు. గురుభవానిని అడిగితే తప్పకుండా వేసుకోమనేవారు. అడిగితే ఏం మందని అడుగుతారు. అందుకని అడగలేదు.

దీక్షలో ఉండి కూడా తొమ్మిదింటికి నన్ను అడగడం మానలేదు. ఒకరోజు ధైర్యం చేసి, "మీరో?" అన్నాను.

"అమ్మవారు నా బండి కడిగేశారుగా" అని నవ్వారు.

మాల తీశాక కూడా మొదలుపెట్టలేదు. నెలనెలా వెళ్ళి మాత్రలు మాత్రం తెచ్చుకునేవారు. వెళ్ళకపోతే వాళ్ళు ఇంటికి ఫోన్ చేస్తారని భయం.

పాత లారీ షెడ్డుకి వస్తే ఆయన మొదట ఛాసిస్ చట్రం మీద గుద్దిన నంబరు వెతికేవారు. ఉలితో రంగు గీకి, గుడ్డతో తుడిచి, చాక్‌పీసు రుద్దేవారు. తెల్లగా అంకెలు తేలేవి. "రంగేస్తే నంబరు పోద్దనుకుంటారు ఎర్రిమొహాలు. గుద్దిన నంబరు ఇనుములో ఉంటదిరా" అనేవారు. ఆ మాటే ఆయనకు తిప్పి చెబితే చాలనిపించింది. ఎదురుగా చెప్పలేక ఫోన్లో వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నాను. రెండుసార్లు మాట్లాడి రెండుసార్లు తీసేశాను. పెద్దాయన, నాకు పని నేర్పిన మనిషి, ఆయనకు నేను చెప్పేదేంటి అనుకున్నాను.

రోళ్ళు పగిలే ఎండల్లో తలనొప్పి మొదలైంది. షెడ్డు రేకుల కింద మే నెలలో ఎవరికి రాదు తలనొప్పి. వేడి చేసిందన్నారు. బార్లీ తాగించారు, మజ్జిగ తాగించారు, నడినెత్తిన ఆముదం పెట్టారు. వాంతులైతే అదీ వేడే అన్నారు. ఒకరోజు నన్ను పిలిచి "ఇద్దరు నిలబడ్డారేంట్రా" అన్నారు. ఒక్కణ్ణే ఉన్నాను. అప్పుడు వాళ్ళబ్బాయి ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాడు. భార్య ఎప్పుడో పోవడంతో ఇంట్లో తండ్రీకొడుకులే.

"ఇంతకుముందు ఏమైనా జబ్బులున్నాయా? రోజూ వేసుకునే మాత్రలేమైనా?" అని డాక్టరు అడిగారు.

"ఏం లేవు సార్. బీపీ కూడా లేదు. ఇనుములాంటి మనిషండీ" అన్నాడు వాళ్ళబ్బాయి. అతనికి నిజంగానే తెలియదు.

నేను పాల ఫ్లాస్కు పట్టుకుని మంచం కాళ్ళ దగ్గరున్నాను. మేస్త్రీ గారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు, వద్దని. నేను ఫ్లాస్కు మూత బిగించాను. అప్పటికే బిగించి ఉంది.

నాలుగోరోజుకి ఆయన నన్ను గుర్తుపట్టలేదు. వద్దన్న మనిషి అప్పటికి లేరు. ఆ తర్వాత వద్దన్నది నేనే. చెబితే, నీకెలా తెలుసంటారు. ఐదోరోజు అదే అనుకున్నాను, ఆరోరోజు అదే. ఫ్లాస్కు తెచ్చాను, తీసుకెళ్ళాను.

తొమ్మిదోరోజు డాక్టరు గదిలోకి వెళ్ళాను. సంచీలోంచి నా డబ్బా తీసి, దూది పీకేసి ఆ బల్ల మీద పెట్టాను. మాత్రలు గలగలమన్నాయి. మూడేళ్ళ తర్వాత ఆ చప్పుడు విన్నాను.

"ఇవి నావి సార్. ఆయనా ఇవే వాడేవారు. ఆరేడు నెలల కింద మానేశారు."

డాక్టరు వెంటనే ఫోన్ తీసుకున్నారు. సంగతి తెలిసి బయట వాళ్ళబ్బాయి నా చొక్కా పట్టుకున్నాడు. "నీ రోగం మా నాన్నకి అంటగడతావా?" అన్నాడు.

పెద్దాసుపత్రికి మార్చారు. వెన్నులోంచి నీరు తీసి చూశారు. పావురాల రెట్టల్లో, మట్టిలో ఉండే ఒక బూజు, అది మెదడు పొరల్లోకి చేరిందన్నారు. మా షెడ్డు దూలాల నిండా పావురాలే. ఆ గాలి అందరం పీల్చాం. ఆయన తలుపే తీసి ఉంది. అక్కడ చేరిన నాలుగోరోజు పోయారు.

ముందే చెప్పి ఉంటే బతికేవారా అని అక్కడి డాక్టరుని అడిగాను. "చెప్పలేం బాబూ" అన్నారు. లేదని ఒక్కమాట అనుంటే నాకు నిద్ర పట్టేది.

పెద్దకర్మ భోజనాల్లో అందరికీ స్టీలు గ్లాసులు పెట్టారు. నా ముందు పేపరు గ్లాసు పెట్టాడు వాళ్ళబ్బాయి. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నా వైపు చూడలేదు. ఆ గ్లాసులో నీళ్ళు తాగుతుంటే గిన్నెలో పడిన ఆ మొదటి ముద్ద గుర్తొచ్చింది. ఆయన కన్నకొడుకుకి అది నేర్పే అవకాశం ఆయనకు ఎప్పుడూ రాలేదు, చెబితే కదా.

షెడ్డులో ఆయన పనిముట్ల పెట్టె నాకిచ్చారు. ఉలి, సుత్తి, చాక్‌పీసు ముక్కలు. అన్నిటికంటే కింద ఏడు డబ్బాలు, చీటీలు గీకేసినవి. ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. అన్నీ నిండుగా ఉన్నాయి. ఏ ఒక్కటీ చప్పుడు చెయ్యలేదు.

తొమ్మిదవుతుంది, టీ వస్తుంది. ఆ చివర నుంచి ఎవరూ కేకెయ్యరు. నా డబ్బాలో దూది తీసేశాను, నడిస్తే మోగుతోంది, వెల్డర్ ఒకట్రెండుసార్లు తిరిగి చూశాడు. ఇది చదివేవాళ్ళలో దూది పెట్టుకున్నవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. మీరెవరో నాకు తెలియదు, ఎలా వచ్చిందని అడగను. ఒక్కటే అడుగుతాను.

ఇవాళ గ్రీజు పెట్టారా?