కదలని పచ్చ చుక్క

గాలి ఆగిపోయిన రోజున స్కార్వ్‌నెస్ అనే రేవు ఊరి జనం బోర్లా పడతారని పక్క ఊళ్లవాళ్లు నవ్వుతారు. పుట్టినప్పటినుంచీ గాలికి ఆనుకునే నిలబడ్డారు మరి. అలాంటి ఊళ్లో గాలికి జడిసే మనిషి యోరున్ ఒక్కతే. ఆమె రేవు షెడ్డులో గాలాలకు ఎర గుచ్చుతుంది. మొగుడు హాల్వార్ ఆ గాలాల తాడు తీసుకుని చిన్న పడవలో ఒంటరిగా వేటకు పోతాడు. అతను తిరిగొచ్చేదాకా ఆమెకు ధైర్యం ఒక్కటే: కంప్యూటర్లో ఏ పడవ ఎక్కడుందో చూపే పటం. అందులో హాల్వార్ పడవ ఒక పచ్చ చుక్క.

ఆ జనవరిలో ఆమె పాత బ్రౌజర్ ఆ పటం తెరవడం మానేసింది. కొత్తది ఏది పెట్టుకోవాలన్న మాట షెడ్డులో ఎన్నికల గొడవంత అయింది.

"వేగంగా ఉండేది చూసుకో," అంది ఒకామె.

"దీనికి వేగమెందుకే? దీని మొగుడి పడవను నత్త దాటిపోతుంది," అంది సోల్‌ఫ్రీ. ఆమె భర్త ఐలిఫ్ ఊరి రక్షక పడవకు కెప్టెన్. "నాది పెట్టుకో యోరున్. తెరను ముక్కలు చేసుకోవచ్చు. మీటలు ఎక్కడ కావాలంటే అక్కడ. రంగులు నీ ఇష్టం."

"రంగు మారిస్తే తుఫాను తగ్గుతుందా?"

"తగ్గదు. తుఫాన్నీ మొగుణ్నీ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు."

ఆ మాటకు యోరున్ లొంగిపోయింది. ఆదివారమంతా కూర్చుని సర్దుకుంది. ఎడమవైపు సముద్ర వాతావరణం, కుడివైపు పటం, కింద చేతితొడుగుల అల్లిక నమూనా. భయం పుట్టించే ఎరుపు ఎక్కడా లేకుండా చేసింది. కాపలా ఎంత గట్టిగా ఉండాలని బ్రౌజర్ అడిగితే, అన్నిటికన్నా గట్టిది ఎంచుకుంది. పిరికి మనిషి ఇంకేం ఎంచుకుంటుంది?

మంగళవారం పొద్దున ఆమె పటం తెరిచేసరికి పచ్చ చుక్క సముద్రంలోని కెరింగా రాళ్ల పక్కన ఉంది. హాల్వార్ తాడు లాగుతున్నాడనుకుంది. రెండు కాఫీలు తాగాక కూడా చుక్క అక్కడే ఉంది. గాలి లేచింది. ఇంటి పెంకులు పళ్లు కొరుకుతున్నట్టు చప్పుడు చేశాయి. అటువైపు అల లేస్తే ఆ రాళ్లు పడవను పిప్పి చేసి వదులుతాయి. హాల్వార్‌కు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. ముట్టుకుంటే ఆ చుక్క కూడా మాయమైపోతుందేమోనని మౌస్ మీద చెయ్యి వెయ్యలేదు.

చివరికి రక్షణ కేంద్రానికి ఫోన్ చేసింది. వాళ్లు రేడియోలో పిలిచినా హాల్వార్ పలకలేదు. ఐలిఫ్ మనుషులతో బయలుదేరాడు.

కబురు తెలిసి సోల్‌ఫ్రీ పరుగున వచ్చింది. తెర ముందు నిలబడి, కళ్లు చిట్లించింది.

"ఇదేమిటే, ప్రయాణికుల ఓడ ఇంకా నడిసముద్రంలో ఉంది?"

"ఉంటే?"

"అది మన రేవులో ఉంది కదే! ఇప్పుడేగా కూత వేసింది!"

సోల్‌ఫ్రీ గబగబా నొక్కి చూసింది. ప్రకటనలూ దొంగచూపులూ రాకుండా పెట్టిన కాపలా, పటానికి వచ్చే కొత్త కబుర్లను కూడా గుమ్మంలోనే ఆపేసింది. తెర మీద ఉన్నవన్నీ పొద్దుటి పడవలు.

కాపలా తీసేసి పటం మళ్లీ తెరిచింది. హాల్వార్ చుక్క పక్క ఊరి రేవులో, గోడకు ఆనుకుని ఉంది. కెరింగా రాళ్లవైపు పోతున్న చుక్క ఒక్కటే. అది ఐలిఫ్‌ది.

"నా ఐలిఫ్," అంది సోల్‌ఫ్రీ.

యోరున్ కేంద్రానికి మళ్లీ ఫోన్ చేసింది. "వెనక్కి పిలవండి, నాదే పొరపాటు, దయచేసి పిలవండి!"

"మనిషి దొరికాడని తేలనివ్వమ్మా," అన్నారు కేంద్రంవాళ్లు.

కేంద్రం నుంచి పక్క ఊరి చేపల కొట్టుకు ఫోన్ వెళ్లింది. గాలి వాసన పట్టి ముందే అక్కడ చేరిన హాల్వార్, రేడియో కట్టేసి, ఫోన్ పడవలోనే వదిలేసి, చేప ఉండలు తింటున్నాడు. రక్షక పడవ వెనక్కి తిరిగింది. తిరిగిందన్నమాటే గానీ, ఇంకా అలల మధ్యే ఉంది. ఆడవాళ్లిద్దరూ రేవు చివర నిలబడ్డారు. ఒక్కో అల లేచినప్పుడల్లా పడవ దీపం కనబడకుండా పోయేది. పోయినప్పుడల్లా సోల్‌ఫ్రీ యోరున్‌ను తిట్టేది, కనబడగానే ఆమె చెయ్యి పట్టుకునేది.

పడవ రేవుకు ఆనింది. గడ్డం నిండా ఉప్పుతో ఐలిఫ్ తాడు విసిరాడు. యోరున్ అందుకుంది.

"నన్ను తిట్టు ఐలిఫ్."

"ఎందుకు? ఊరికే పోయి ఊరికే వచ్చే రోజే మాకు పండగ. మళ్లీ భయమేస్తే మళ్లీ పిలువు. ఆలోచిస్తూ కూర్చోకు."

"ఈ మనిషికేం, చెబుతాడు," అంది సోల్‌ఫ్రీ ముక్కు తుడుచుకుంటూ.

తాడు కట్టడానికి యోరున్ చేతులు లేపింది. తాడును బిగించి పట్టిన వేళ్లు విచ్చుకోలేదు. సోల్‌ఫ్రీ వచ్చి ఒక్కొక్క వేలే విడదీయాల్సి వచ్చింది.