గ్రేస్ తలలో కొత్త పాపిళ్లు

2004లో అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా జావా, ఒరాకిల్ కంప్యూటర్ కోర్సుల బోర్డులే. నేను ఆ పక్కనే పంజాగుట్టలో ఒక చిన్న డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఈఈజీ టెక్నీషియన్‌ని. ఎలక్ట్రోడ్లనే చిన్న లోహపు బిళ్లలు తలకు పేస్ట్‌తో అంటించి, మెదడులోని కరెంటును గీతలుగా తీయడం నా పని. మూర్ఛను పట్టిచ్చే పరీక్ష అది. అక్కడ ఒక రోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాదు.

ఒరాకిల్ నేర్చుకోవడానికి కెన్యా నుంచి వచ్చిన గ్రేస్‌ను, ఆమె హాస్టల్ రూమ్మేట్ సరిత వెంటబెట్టుకొచ్చింది. గ్రేస్ క్లాసులో ఉన్నట్టుండి బిగుసుకుపోయి పడిపోతోంది.

"తాగి పడుతున్నదంటుండు మా హాస్టల్ ఓనర్. గామె చాయ్ తప్ప ఏం తాగదు మేడమ్. ఫిట్సని డాక్టర్ రాసిస్తె ఉండనిస్తడట, లేకుంటె రూం ఖాళీ చెయ్యాల్నట" అంది సరిత.

అప్పటికే వేరే ల్యాబ్‌లో పరీక్ష చేయించారు. రిపోర్టు నిండా ఆర్టిఫాక్ట్. అంటే మెదడు గీతలు కావు, బిళ్లలు సరిగా అంటుకోక వచ్చే చెత్త గీతలు. గ్రేస్ తలంతా మాడుకు అంటిపెట్టుకున్న సన్నజడలు. విప్పితే ఒత్తు రింగుల జుట్టు బిళ్లలను పైకి నెట్టేస్తోంది. గుండు కొట్టించుకుని రమ్మన్నారట ఆ ల్యాబ్‌వాళ్లు. మనకు గుండంటే ఏముంది, మొక్కుంటే ఇంటిల్లిపాదీ కొట్టించుకుంటాం.

"నేను సుత చెప్పిన, జల్దీనే మొలుస్తయని. ఇంటలేదు" అంది సరిత.

గ్రేస్ ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. "అందరి తలకూ పనికొచ్చే మిషన్ నా తలకు పనికిరాకపోతే, మార్చాల్సింది నా తలనా, అక్కా?" అక్కా అన్నది మాత్రం తెలుగులోనే.

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు. ట్రైనింగ్‌లో మాకు చూపించిన తలలన్నీ మనలాంటివే, ఇలాంటి జుట్టు గురించి ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు.

గ్రేస్ రెండు జడల మధ్య వేలు పెట్టి, "ఇక్కడ చర్మం కనబడుతోంది కదా" అంది. అంతే, నా బుర్రలో బల్బు వెలిగింది. జడలు తీసేయక్కర్లేదు, వాటి దారి మారిస్తే చాలు. బిళ్ల పెట్టే చోటల్లా ఒక పాపిడి వస్తే సరి.

పాత జడలు విప్పించి, బిళ్లలు పెట్టే చోట్లు గుర్తుపెట్టడానికి టేపుతో తల కొలిచాను. మామూలు ఎర్ర పెన్సిల్ గుర్తు ఆమె చర్మం మీద కనబడకపోతే తెల్లది వెతికి తెచ్చాను. అద్దం గ్రేస్ చేతిలో, జుట్టు సరిత చేతిలో. గ్రేస్ అద్దంలో చూసి చెబుతుంటే, గుర్తుల మీదుగా పాపిళ్లు తీస్తూ సరిత అల్లసాగింది.

"గింత గట్టిగ గుంజితె నొయ్యదా?"

"గట్టిగా అల్లకపోతే ఊడిపోతుంది" అంది గ్రేస్.

మధ్యాహ్నమంతా అదే పని. బయట పేషెంట్లు గొణుగుతున్నారు. మా నరాల డాక్టరుగారు తొంగిచూసి, "ఏంటండీ, బ్యూటీ పార్లర్ పెట్టారా?" అన్నారు.

"కాసేపు ఆగండి సార్, మీరే చూస్తారు" అన్నాను.

బిళ్లలు అంటించి మిషన్ ఆన్ చేశాను. అబ్బ, ఎంత శుభ్రమైన గీతలో! గ్రేస్‌ను గట్టిగా ఊపిరి తీసి వదులుతూ ఉండమన్నాను. దాగున్న మూర్ఛను బయటికి లాగే పద్ధతి అది. కాసేపటికి ఎడమ కణత దగ్గరి గీతలు ఒక్కసారిగా ముళ్లలా లేచాయి. ఒకరి జబ్బు కనబడితే ఇంత సంతోషమేంటని సిగ్గేసింది గానీ, కాళ్లు నేల మీద నిలవలేదు. డాక్టరుగారి కోసం పరిగెత్తాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని చూశారు. "ఫిట్సే. ఇవాళే మందు మొదలుపెడదాం."

"అయితే నేను తాగుబోతును కాదని రాసిస్తారా?" అని అడిగి, గ్రేస్ భోరున ఏడ్చేసింది. సరిత ఆమె కళ్లు తుడిచి, "నడువ్, గిప్పుడు ఓనర్ ఏమంటడో చూద్దాం" అంది. గ్రేస్ ఆ రూములోనే ఉండి కోర్సు పూర్తి చేసింది.

కొన్ని నెలలకు సూడాన్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా బల్ల మీద పడుకుంది. తల కొలవబోయి ఆగిపోయాను. నాకు కావలసిన చోటల్లా పాపిడి ఉంది. "గ్రేస్ అల్లింది" అని నవ్వింది.

మార్చాల్సింది మనిషి తలను కాదు, మన పని పద్ధతిని. ఆ మాట గ్రేస్ నేర్పింది. ఈ అమ్మాయి పరీక్ష బయట ఎవరూ గొణిగే లోపే అయిపోయింది.