దాచమన్నది నేనే

మా పెద్ద టీచరమ్మ పోయారు. మంగళవారం పొద్దున్న విశాఖ బస్సు కండక్టరు బడి గుమ్మంలో నిలబడి, "అమ్మా, మీ పెద్ద టీచరమ్మగోరు తెల్లారగట్ల పెద్దాసుపత్రిలో పోయేరట" అని చెప్పి వెళ్ళాడు. నా చేతిలో హాజరు పుస్తకం ఉంది. ఎవరి పేరు దాకా పిలిచానో మరిచిపోయి, మళ్ళీ మొదటినుంచి పిలిచాను.

అరవైల చివర్లో రోలుగుంట నుంచి బదిలీ మీద చోడవరం వచ్చినప్పుడు, బడిలోనూ ఇంటి పక్కనా నాకు ఆవిడే దిక్కు. ఆవిడని అందరూ వెనకాల పిసినారి అనేవారు. కాదు, ఆవిడకి ఏదీ పారేయడం చేతకాదు, అంతే. అరిగిన సుద్దముక్కలన్నీ డబ్బాలో వేసి, అరుగు మీద రాసుకోమని పిల్లలకి ఇచ్చేవారు. "మిగల్సడం నేర్సుకోయే, మిగిలిందే రేపు ఇంకోలికి పనికొస్తాది" అనేవారు. ఆ మాట వినే నేను సంసారం నేర్చుకున్నాను. ఆ మాటే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది.

కీళ్ళవాతానికి ఏళ్ళ తరబడి స్టీరాయిడ్ బిళ్ళలు మింగారు. అవి వేస్తే వేళ్ళు వంగేవి, బోర్డు మీద అక్షరాలు గుండ్రంగా పడేవి. నొప్పితోబాటు ఒంట్లోని కాపలాని కూడా నిద్రపుచ్చుతాయని మాకెవరికి తెలుసు? పైగా జ్వరం వచ్చినప్పుడల్లా యాంటీబయాటిక్. చివరికి నోట్లో తెల్లపూత లేచింది. అది బూజు జాతిదనీ, పేగుల్లో కాపురం ఉంటుందనీ చెప్పి డాక్టరుగారు రెండు వారాలకి మాత్రలు రాశారు.

మూడో రోజుకే పూత పోయింది. నాలుక చాపి చూపించి చిన్నపిల్లలా నవ్వారు.

"తగ్గిపోనాది సూడు! మిగతావి దాసీమంటావా?"

"దాచండి, మళ్ళీ వస్తే పనికొస్తాయి" అన్నాను. సీసా కడిగి ఆరబెట్టి ఇచ్చిందీ నేనే. మీలో ఎవరింట్లో అలాంటి సీసా లేదు, చెప్పండి? పూత మళ్ళీ వచ్చింది. మూడు రోజులు వేసుకుని మళ్ళీ దాచారు. ఇలా ఎన్నిసార్లో. మధ్యలో బుచ్చయ్యపేట చుట్టాలావిడకి నోరు పొక్కితే ఆవిడకీ నాలుగు పెట్టారు.

ఈ ఏడాది మాత్రలు పూర్తిగా వేసినా పూత కదల్లేదు, గొంతులోకి దిగింది. పెద్దాసుపత్రిలో సూదిమందు ఎక్కిస్తే కిడ్నీలు తట్టుకోలేదు. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "సగం సగం మందేసి ఆ బూజుని రాటుదేల్చేరమ్మా. ఇప్పుడు లొంగట్లేదు. ఎదిరించడానికి ఆవిడ ఒంట్లో బలమూ లేదు" అన్నాడు. ఆయన ఎవర్నీ తిట్టలేదు. నన్ను తిట్టినా బావుండేది.

ఆదివారం వెళ్ళేసరికి నీళ్ళు కూడా గొంతు దిగడం లేదు. దాచమన్న పాపం నాదేనని కాళ్ళు పట్టుకుని చెప్పేయాలనుకున్నాను. నోరు తెరిచేలోపు ఆవిడే అందుకున్నారు.

"ఒసే, ఏడుపు తరవాత. ఈయేళ ఏటి వండేవో సెప్పు."

ఆ రోజు నేను పొయ్యి వెలిగించలేదు.

"పనసపొట్టు కూరండి" అన్నాను.

"ఆవ పెట్టేవా?"

"పెట్టేనండి. ఘాటు ముక్కుకెక్కింది. వేడన్నంలో కలిపి మీకూ ఓ ముద్ద తీసేను."

కళ్ళు మూసుకున్నారు. ఎండిన పెదవులు కదిలాయి. నేను చెప్పిన ముద్దని నెమ్మదిగా నమిలి, మెడ నరాలు బిగించి, గుటక వేశారు.

"ఇంకో ముద్ద పెట్టవే" అన్నారు.