సాలమన్ మామ ఇంట్లో శనివారం పాఠం

ఇందుమూలముగా ఈ గోడ మీదకు వచ్చిపోయే సమస్త జనులకూ తెలియజేయడమేమనగా... ఎదురు మాట్లాడే ఆడపిల్లకు కొన్ని ఇళ్ళలో దెబ్బలూ, కొన్ని ఇళ్ళలో అటుకులూ పడును. రెండూ తిన్నదాన్ని కాబట్టి ఈ ప్రకటన చేసే అధికారం నాకు కలదు.

మా చిన్నప్పుడు... పాల్వంచ కంపెనీ క్వార్టర్లలో మా పక్కిల్లు సాలమన్ మామది. ప్లాంటులో ఫిట్టరు. కొంకణం వైపు నుంచి బొంబాయి మీదుగా మా ఊరు చేరిన యూదుల కుటుంబం. పేరు విని అందరూ కిరస్తానీలనుకునేవాళ్ళు. మా నానమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఇంట్లో శనివారం పొయ్యి వెలిగించరు... మామ డ్యూటీకి పోడు. ఆ ఒక్క రోజు కోసం ఊరందరి ఆదివారం షిఫ్టులూ, పండగ షిఫ్టులూ తనే చేసేవాడు.

"శనివారం గింత నిష్ఠగ ఉంటున్నరంటే ఎంకటేశ్వరసామి భక్తులే. పేరుదేముంది" అని తేల్చేసింది నానమ్మ. మామ చాలాసార్లు నచ్చచెప్పి చూశాడు... చివరికి ఆయనే అలిసిపోయాడు.

శనివారం పొద్దున వరండాలో చాప వేసి, కూతురు ఎస్తేరుకు పాఠం చెప్పేవాడు. కుడి నుంచి ఎడమకు చదివే పుస్తకం. ఎస్తేరు నా ఈడుదే. దాని నోట్లో ఉన్నది ఒకటే మాట... "సరే పప్పా."

ఆ మాట వింటే మామకు నీరసం వచ్చేది. వాళ్ళ చదువు ఒంటరిగా సాగదట. ఒకరు చెప్తే ఇంకొకరు కాదనాలట... కాదనేవాళ్ళు లేకపోతే అర్థం బయటికి రాదట. బొంబాయిలో ఉన్నప్పుడు అన్నతో వాదులాడుతూ చదువుకున్నాడు. ఇక్కడేమో "సరే పప్పా."

ఒక శనివారం, ఆ రోజు పని ఎందుకు చేయకూడదో చెప్తున్నాడు. నేను గేటు పట్టుకుని ఊగుతున్నాను. నోరు ఊరుకోలేదు.

"మరి ఆవుకు పాలు పిండకుంటే పొదుగు సలుపుతది గద మామా. దానికేం ఎరుక మీ శనివారం సంగతి?"

మా ఇంట్లో అయితే ఈపాటికి వీపు మోగేది. మామ చాప మీద కొంచెం జరిగాడు.

"ఇటొచ్చి కూసో. గీ ముచ్చట మీద మా పెద్దలు చానా ఏండ్లు కొట్లాడిండ్రు. నువ్వు ఏ పక్క?"

ఆవు పక్క అన్నాను. మామ భార్య మిరియం అత్త గిన్నెలో కొబ్బరి కలిపిన తీపి అటుకులు తెచ్చి నా ముందు పెట్టింది.

అప్పటినుంచి ప్రతి శనివారం అదే పని. మామ ఒకటి చెప్పేవాడు, నేను అడ్డం తిరిగేదాన్ని. "ఇంకా గట్టిగ అడుగు" అనేవాడు. ఎనిమిదో తరగతితో బడి నన్ను వదిలించుకుంది గానీ... నేను చదువుకున్నానని చెప్పుకోదగ్గ చోటు ఏదైనా ఉంటే ఆ చాపే.

ఆ ఏడు వానలకు అడవి పక్క ఊళ్ళన్నిటా మలేరియా. ములకలపల్లి వైపు నుంచి బండ్ల మీద జనం దవాఖానాకు వస్తున్నారు. మిరియం అత్తకూ తగిలింది. జ్వరం తలకెక్కి తెలివి తప్పింది. ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళను ఉండనివ్వరు. మా అమ్మే తోడు ఉంది.

శనివారం నేను వెళ్ళేసరికి చాప లేదు. పుస్తకం గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టి ఉంది. మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఇయ్యాల లేదు బిడ్డా. ఇంటికి పో."

"దేవుడున్నడు కొడుకా" అంది నా వెనకే వచ్చిన నానమ్మ.

"ఉంటే ఉండనియ్యమ్మా. నేనైతే ఆయనతోని మాట్లాడ."

ఎప్పుడూ అడ్డం తిరిగే నేను... ఆ రోజు చెప్పినట్టే గేటు వైపు తిరిగాను.

ఎస్తేరు కుర్చీ ఎక్కి పుస్తకం దించింది.

"వద్దన్న గద" అన్నాడు మామ.

"కాదు పప్పా."

ఆ పిల్ల నోట ఆ మాట వినడం అదే మొదలు. పుస్తకం తెచ్చి మామ ఒళ్ళో పెట్టింది.

"కోపమొస్తే ఆయనతోనే కొట్లాడాలె, మూతి ముడుసుకొని కూసోవద్దని నువ్వే చెప్పినవ్. మన పెద్దలు గట్లనే చేసిండ్రన్నవ్. రేపు మమ్మీ ఇంటికొచ్చి పాఠం ఏడిదాక వచ్చిందంటే నేనేం చెప్పాలె?"

మామ పుస్తకానికి చుట్టిన గుడ్డ విప్పాడు. తర్వాత లేచి చాప పరిచాడు.

రెండు వాక్యాలు చదివాడు. ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఎస్తేరు కాదంది. నాకూ నోరొచ్చింది. ముగ్గురం గొంతులు పెంచేశాం... మామ మధ్యలో పైకి చూసి, నాకు అర్థం కాని భాషలో ఎవరినో గట్టిగానే అడిగాడు. అప్పుడే మా నాయన సైకిల్ దిగాడు. "బావా, చెల్లె కండ్లు తెరిసింది. నీళ్ళడిగింది."

అత్త ఇంటికొచ్చాక వాళ్ళ ప్రవక్త పేరున మొక్కు తీర్చారు. పెద్ద పళ్ళెం నిండా అటుకులు, కొబ్బరి, యాలకులు, పళ్ళు... క్వార్టర్ల వరసంతా పంచారు. నానమ్మ కళ్ళకద్దుకుని గోవిందా అంది. మామ దిద్దలేదు.

తర్వాత వాళ్ళు బొంబాయి వెళ్ళిపోయారు. ఇప్పుడు మా పిల్లలు ఏం చెప్పినా "ఓకే మమ్మీ" అని ఫోన్లోకి పోతారు. ఎదురు తిరగమని బతిమాలుకునే రోజులొచ్చాయి... మీ నోటికి చాప పరిచిన ఇల్లు ఏదైనా ఉంటే కింద రాయండి, చదువుతాను.

అన్నట్టు... మా నాయన సైకిల్ మీద కబురు తెచ్చాడన్నది నేను అల్లింది. ఆ రోజు పొద్దుగూకేదాకా ఎవరూ రాలేదు. అత్త కళ్ళు తెరిచింది ఆ మరుసటి వారం. బతుకుతుందో లేదో తెలియకుండానే ఆ తండ్రీకూతుళ్ళు ఆ రోజు పాఠం పూర్తి చేశారు.