గడప మీద నిలబడ్డ ఫొటో

మిర్యాలగూడలో మేముండే ఇంటినీ, కోదాడలో నేను పుట్టిన ఇంటినీ ఒకే ఫొటోలో కలిపించాను. సూర్యాపేటలోకెల్లా పెద్ద స్టూడియోలో ముగ్గురు పనివాళ్లు మూడు రోజులు కూర్చుని చేశారు.

అందరికీ ఇలాగే చెప్పుకున్నాను. నిజానికి అది బస్టాండు పక్కన ఒక షట్టరు గది. ఒక్కడే మనిషి, అరగంట పని. అందులో పది నిమిషాలు నా జుట్టు నల్లగా చేయడానికే పోయింది.

పెళ్లితోనే నేను మిర్యాలగూడకు ఇల్లరికం వచ్చేశాను. ఏడాది తిరిగాక మావాళ్లంతా వరుసగా నిలబడి తీయించుకున్న ఫొటో ఇప్పటికీ కోదాడ ఇంటి గోడకుంది. అందులో నేను లేను. ఇన్నేళ్లూ ఆ గోడ వైపు చూడనట్టే కూర్చుని, కాఫీ తాగి వచ్చేవాణ్ణి. ఈ కొత్త ఫొటో మనవరాలి ఆల్బమ్‌కని ఇంట్లో చెప్పాను. అదీ అబద్ధమే. నాకు ఆ గోడ మీద చోటు కావాలి.

ఫొటోలో ఎడమ పక్క కోదాడ పెంకుటిల్లు, కుడి పక్క మిర్యాలగూడ డాబా, మధ్యలో పసుపు రాసిన ఒకే గడప. ఎవరికీ తక్కువ కాకుండా నన్ను సరిగ్గా దానిమీదే నిలబెట్టమన్నాను.

మా ఆవిడ చూసి, "మధ్యల నిలబడ్డవేందయ్యా? నలభై ఏండ్ల సంది గీ ఇంట్ల తింటివి, జర ఇటు జరగరాదు?" అంది.

ఇద్దరం కోదాడ వెళ్లాం. అన్న పోయాక ఆ ఇంట్లో వదిన మాటే చెల్లుతుంది. ఆమె కళ్లజోడు తుడుచుకుని ఫొటో చూసింది.

"ఈ నల్లజుట్టాయన ఎవరు?"

"నేనే వదినా."

"అబ్బో! మరి గడప మీద నిలబడ్డావేం మరిదీ? మనిషన్నాక లోపలికన్నా రావాలి, బయటికన్నా పోవాలి. గడప మీద నిలబడ్డవాణ్ణి గోడకు తగిలిస్తే ఇంటికి అరిష్టం కాదూ?"

ఫొటో తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"ఇది మనవరాలి ఆల్బమ్‌కే లే" అని బుకాయించబోయాను. కానీ ఫొటో మళ్లీ ఆమె ముందుకే చాపాను. "ఈ గోడకే తెచ్చా వదినా" అన్నాను.

వదిన ఫొటో అందుకుంది. తర్వాత మా ఆవిడ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా, ఎటు జరిపిద్దాం?"

మా ఆవిడ కొంగు సర్దుకుంది. "ఫొటోల గీ ఇంట్లనే ఉండనియ్యి అక్కా. గాడ మా ఇంట్ల మనిషే ఉన్నడు గద."

వారంలోపే సూర్యాపేట వెళ్లి, నన్ను పెంకుటింటి లోపలికి ఒక్క అడుగు జరిపించాను. ఇప్పుడు ఆ గోడ మీద, పాత ఫొటో పక్కనే ఉన్నాను.

జుట్టు మళ్లీ తెల్లగా చేయించింది మాత్రం నా బుద్ధితోనే అని చెప్పుకుంటున్నాను. అది వదిన పెట్టిన షరతు.